బండి బాట, చేప బాట

భద్రాచలము పోయి వచ్చినవారికందఱకును గోదావరి మీది వంతెన గుర్తుండును. సారపాక ఒడ్డున బస్సు వంతెన నెక్కగానే ప్రయాణికులు కిటికీల వైపు వంగి నదికి నమస్కరింతురు. కొందఱు నీటిలో నాణెములు విడుతురు. కాని ఆ వంతెనను చేరుటకు ముందు, కొత్తగూడెము నుండి పాల్వంచ మీదుగా అడవి అంచున సాగిన దారిలో, తాము ఎన్ని వాగులను దాటి వచ్చితిమో లెక్కించినవారు అరుదు. వాగు దాటినట్లే తెలియదు. రోడ్డు క్రింద నొక తూము, దానికి రెండు ప్రక్కల మోకాలెత్తు పిట్టగోడ, దానిపై సున్నపు పూత. బస్సు ఒక్కసారి కుదిపి ముందుకు సాగును.

ఈ ప్రసంగమున మేము చెప్పబూనినది, లెక్కకు రాని ఆ తూముల సంగతి. నది మీది పెద్ద వంతెన చేపకు చేయు కీడు స్వల్పము; వాగు మీది చిన్న తూము చేయు కీడు ఎక్కువ. ఈ మాట మొదట వినుటకు వింతగా తోచవచ్చును. ఖమ్మము, భద్రాచలము అడవుల సరిహద్దున నూటయేబది యేండ్లకు పైగా నీటి మీద మనుష్యుడు కట్టిన కట్టడముల చరిత్రను వరుసగా చూచినచో ఆ వింత విడిపోవును.

మొదట నేల సంగతి చెప్పుకొందము. ఖమ్మము సీమ రెండు మహానదులు పంచుకొన్న సీమ. ఖమ్మము పట్టణము ప్రక్కగా పాఱు మున్నేరును, దానిలో కలియు వైరాయును కృష్ణకు పోవును. కొత్తగూడెము వైపు నడచినచో నీటి వాలు మాఱిపోవును. ముర్రేడు కిన్నెరసానిలో కలియును. కిన్నెరసాని బూర్గంపాడు ప్రాంతమున గోదావరిని చేరును. ఆవలి ఒడ్డున చర్ల వైపు నుండి తాలిపేరు వచ్చును. దిగువన కూనవరము కడ శబరి వచ్చి కలియును. ఈ ఏఱులకు అడవి లోపలి నుండి వచ్చి చేరు పిల్లవాగులు లెక్కకు మిక్కిలి. వేసవిలో అవి తెగి మడుగులుగా మిగులును. తొలకరి పడగానే ఆ మడుగులన్నియు ఒక్క దారముతో కూర్చినట్లు మరల కలిసిపోవును.

ఆ కలయిక కొఱకే చేపలు ఎదురుచూచుచుండును. తెలంగాణమున మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేపల కూర తినుట ఆచారము. అదే కార్తెలో చేపలు ఎదురెక్కుట మొదలగును. వరద నీటి చల్లదనము, దానిలోని క్రొత్త మట్టి వాసన తగిలినంతనే నదిలోను ఏటిలోను ఉన్న చేపలు ప్రవాహమునకు ఎదురుగా సాగి వాగులలోనికి, వాగుల నుండి పల్లపు నేలలలోనికి పోవును. బొచ్చె, శీలావతి వంటి పెద్ద చేపలు వరద ముంచిన ఒడ్డుల పలుచని నీట గ్రుడ్లు పెట్టును. పరిగెల వంటి చిన్న చేపలు ఇంకను పైకి, పిల్లవాగుల మొదళ్ల వఱకు ఎక్కును. కొఱమీను, మార్పు, ఇంగిలాయి గడ్డి మొలచిన నిలువ నీటిని వెదకుకొనును. మలుగుపాము రీతి వేఱు. అది సముద్రమున పుట్టి, పిల్లగా నుండగనే నదిని ఎక్కి వచ్చి, వాగు రాళ్ల సందులలో ఏండ్ల తరబడి పెరిగి, కడకు గ్రుడ్లు పెట్టుటకు సముద్రమునకే పోవును. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క దారి. దారి లేని జాతి మాత్రము లేదు.

పూర్వము ఈ సీమలో వాగును దాటుటకు మనుష్యుడు వాగునకు ఏమియు చేయలేదు. నీరు తగ్గిన చోట రేవు చూచుకొని బండి దింపెడివాడు. వరద వచ్చినచో తీయువఱకు ఆగెడివాడు. గోదావరిని దాటుటకు పడవలు ఉండెడివి. పదునేడవ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న, మనము రామదాసుగా కొలుచు మహాభక్తుడు, భద్రగిరిపై ఆలయము కట్టించిన నాడును, అటుపిమ్మట మూడు వందల యేండ్లకు దగ్గఱ వఱకును, యాత్రికులు ఈ రీతినే వచ్చి పోయిరి. ఆ కాలపు కష్టములను మేము కొనియాడుట లేదు. వరద నాడు ప్రసవవేదన పడు స్త్రీ ఒడ్డుననే ఆగిపోయెడిది. అయినను ఆనాటి రేవు చేప బాటను మూయలేదని మాత్రము చెప్పవలసియున్నది.

నదిని అడ్డగించి కట్టుట ఈ ప్రాంతమునకు దిగువన ప్రారంభమైనది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట, ఆర్థరు కాటను పేరును గోదావరి డెల్టాలో ఇంటింటి పేరుగా చేసినది. కఱవుతో మాడిన నేల అన్నపూర్ణ యైనది. ఆ మేలును తక్కువ చేయుటకు ఎవరికిని నోరు రాదు. కాని ఆషాఢ శ్రావణములలో బంగాళాఖాతము నుండి నదిని ఎక్కి వచ్చు పులసకు అది పెద్ద అడ్డయినది. నేడు పులస పేరు వినబడునది, వల పడునది ముఖ్యముగా ఆనకట్టకు దిగువనే. కాటను కట్టించిన పాత ఆనకట్ట స్థానమున 1982 నాటికి పూర్తియైన క్రొత్త బారేజీ ఆయన పేరుతోనే నిలిచియున్నది. పులస ప్రయాణమునకు హద్దు కూడ అచ్చటనే నిలిచియున్నది.

ధవళేశ్వరము తరువాత ఇంజనీర్ల చూపు ఎగువకు పోయినది. బేరారు ప్రత్తిని గోదావరి మీదుగా పడవలలో సముద్రతీరమునకు దింపవలెనని ఆలోచన. 1860లో నిజాము ప్రభుత్వము భద్రాచలము సీమను ఆంగ్లేయులకు విడిచిపెట్టినది. అమెరికాలో అంతర్యుద్ధము వలన లాంకషైరు మిల్లులకు ప్రత్తి కఱవు ఏర్పడిన దినములవి. నది పొడవున పడవకు ఆటంకమైన రాతిపట్టులు మూడు కలవని గుర్తించిరి. వానిలో మొదటిది భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము. హేగ్ అను ఇంజనీరు పర్యవేక్షణమున అచ్చట నదికి అడ్డముగా ఆనకట్ట, పడవలు రాతిపట్టును తప్పించుకొని పోవుటకు ప్రక్కన కాలువ, దానికి లాకులు నిర్మాణమయ్యెను. వ్యయము పెరిగినది, ప్రయోజనము తరిగినది. 1871లో ఆ పడవ మార్గపు పథకమును మానివేసిరి. భద్రాచలము తాలూకా 1874లో మధ్యపరగణాల నుండి మదరాసు రాజధానికి మాఱినది.

దుమ్ముగూడెము ఆనకట్ట మాత్రము మిగిలినది. పడవ ఎదురెక్కుటకు లాకులు ఉండవలెనని తలచినవారికి, వేల యేండ్లుగా ఆ రాతిపట్టును ఎదురెక్కుచున్న చేప కూడ నొక ప్రయాణికుడేనని తోచలేదు. ఎత్తు తక్కువగా నుండు ఆనకట్టల మీదుగా నిండు వరద పొరలి పోవునపుడు బలముగల పెద్ద చేపకు కొన్ని దినములైనను దారి దొరకును. బలము లేని చిన్న చేపకు ఆ అవకాశమును లేదు.

ఆ కాలపు వారికి ఈ శాస్త్రము తెలియదని మనము అనుకొనరాదు. ఇంగ్లండులో 1861లోనే సాల్మను చేపల రక్షణకు చట్టము వచ్చినది. నదికి అడ్డముగా క్రొత్తగా ఆనకట్ట కట్టువాడు చేప ఎక్కిపోవుటకు మెట్ల దారిని కూడ ఏర్పఱచవలెనని ఆ చట్టమున షరతు కలదు. ఇచ్చట కూడ ఆ మాట పలికినవాడున్నాడు. మదరాసు సైన్యమున వైద్యుడుగా చేరి, తరువాత భారతదేశపు మత్స్య పరిశ్రమలకు ఇన్‌స్పెక్టరు జనరలు అయిన ఫ్రాన్సిస్ డే, దేశమంతటను విచారించి 1873లో మంచినీటి చేపలను గూర్చి గొప్ప నివేదికను ప్రకటించెను. జిల్లా అధికారులకు ప్రశ్నలు పంపి, ఏ చేప ఎచ్చట దొరకును, దానికి స్థానికులు పెట్టిన పేరేమి, చేపలు తగ్గినవా పెరిగినవా అని సమాధానములు రాబట్టెను. ఆనకట్టల వలన ఎదురెక్కు చేపకు కలుగు నష్టమును, చేపల మెట్ల ఆవశ్యకతను అందులో చర్చించెను. సన్నకన్నుల వలలతో చేపపిల్లలను పట్టుటను, నీటిలో విషము కలుపుటను ఖండించెను.

అటుపిమ్మట 1897లో భారత మత్స్య చట్టము వచ్చినది. తుపాకి మందుతో చేపలను చంపుట, విషము పెట్టుట నేరమైనవి. నీటిలో పాతిపెట్టు మావులను, అడ్డుకట్టలను, వలల కన్నులను గూర్చి నియమములు చేయు అధికారము స్థానిక ప్రభుత్వములకు దక్కినది. మంచి చట్టమే. కాని ఇంగ్లండున ముప్పదియాఱు సంవత్సరములకు ముందే వచ్చిన మెట్ల దారి షరతు అందులో లేదు. ఆ చట్టము కోయవాని వెదురు మావును చూచినది. సర్కారు వారి సున్నపుకట్టను విడిచిపెట్టినది. అడవి సరిహద్దులలో ఈ భేదపు ఫలము నేటికిని కనబడుచున్నది.

ఇరువదవ శతాబ్దమున ఈ సీమ రూపు మాఱినది. ఇల్లందు బొగ్గు గనులకు పందొమ్మిదవ శతాబ్దపు చివరనే రైలు వచ్చియుండెను. తరువాత కొత్తగూడెమునకు వచ్చినది. కొత్తగూడెపు రైలు స్టేషనుకు భద్రాచలము రోడ్డు అనియే పేరు. అచ్చట దిగిన యాత్రికుడు మిగిలిన దారి రోడ్డున పోవలెను. రోడ్డు పోవు కొలది వాగులపై తూములు పడెను. ఖమ్మము 1953లో ప్రత్యేక జిల్లా అయినది. 1959లో భద్రాచలము ఆ జిల్లాలో చేరినది. 1965లో గోదావరి వంతెనను నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించిరి. ఆ దశకముననే పాల్వంచ విద్యుత్కేంద్రము కొఱకు కిన్నెరసానిపై డ్యాము వచ్చినది.

ఈ రెండు కట్టడములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కిన్నెరసాని డ్యాము ఏటిని రెండుగా తెగగొట్టినది; ఎగువ చేప ఎగువనే, దిగువ చేప దిగువనే. గోదావరి వంతెన సంగతి వేఱు. దాని స్తంభములు నది అడుగు నుండి లేచినవి. స్తంభమునకు స్తంభమునకు నడుమ ఇసుక ఇసుకగనే, రాయి రాయిగనే ఉన్నది. 1986 ఆగస్టులో భద్రాచలము కడ నీటిమట్టము 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు ఎక్కినపుడును ఆ మహాప్రవాహము వంతెన క్రిందుగనే సాగినది. దానితోపాటు చేపయు సాగినది. వాగు మీద కట్టు ప్రతి కట్టడమునకు ఈ రెండు పోలికలలో ఏదో యొకటి వచ్చును. చూపునకు చిన్న వంతెనగా నున్నను, చేప దృష్టిలో అది డ్యాము కావచ్చును.

తూము డ్యాముగా మాఱు విధమును ఒక చిన్న లెక్కతో చెప్పెదము. ఇరువది అడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల వాగులో నీరు సెకనుకు రెండడుగుల చొప్పున పాఱుచున్నదనుకొందము. అనగా ఎనుబది క్యూసెక్కుల నీరు. ఆ వాగుపై రోడ్డు వేయువారు మూడడుగుల వ్యాసము గల సిమెంటు గొట్టములు రెండు పెట్టి పైన మట్టి కట్ట పోసిరి. రెండు గొట్టముల నోళ్లు కలిపినను పదునాలుగు చదరపు అడుగులు. ఇరువది అడుగుల వెడల్పున తీరికగా పోయిన ఎనుబది క్యూసెక్కులు ఆ ఇఱుకు దారిన పోవలెనన్నచో సెకనుకు ఐదున్నర అడుగులకు పైగా పరుగెత్తవలెను. వేగము దాదాపు మూడు రెట్లైనది. వాగు అడుగున రాళ్లు ఉండును. చేప ఒక రాతి చాటున ఆగి, ఊపిరి తీసికొని, మఱొక రాతి చాటునకు ఉఱుకును. నున్నని గొట్టమున ఆగు చోటు లేదు. పెద్ద చేప ఒక్క బిగిన దాటవచ్చును. జానెడు చేప దాటలేదు.

ఇది మొదటి సంవత్సరపు సంగతి. గొట్టము నుండి వేగముగా వెలువడు నీరు దిగువనున్న నేలను త్రవ్వుకొనిపోవును. రెండు మూడు వానకాలములలో అచ్చట గుంట పడును. గొట్టపు నోరు గాలిలో వ్రేలాడును. అప్పుడు ఎదురెక్కు చేప ఈదుట చాలదు, ఎగురవలెను. మన వాగుల చిన్న చేపలు సాల్మను వలె ఎత్తుకు ఎగురగల జాతులు కావు. ఎగువ మొగమున కొమ్మలు, వెదురు తడకలు చిక్కుకొని దారి ఇంకను మూసికొనిపోవును. కాంక్రీటు పలకతో నేల పఱచిన చప్టా మీద మఱొక బాధ. నీరు పలుచగా పరచుకొని, చేప వీపు మునుగునంత లోతు కూడ ఉండదు.

ఒక ఆషాఢమాసపు ఉదయమున రేడియో పని మీద అడవి అంచు గ్రామములకు పోవుచు, మేము అట్టి చప్టా కడ వరద తీయువఱకు నిలువవలసి వచ్చినది. దిగువ గుంటలో పరిగెలు గుంపులుగా చేరి, కాంక్రీటు అంచు మీదికి ఎగిరి, వెనుకకు పడుచుండెను. పిల్లలు ఊతలతో గుంటలో దిగిరి. ఒకడు గొట్టపు నోటికి మావును కట్టి, గడియ గడియకు దులుపుకొనుచుండెను. దులిపిన చేపలలో పెక్కింటి కడుపులు గ్రుడ్లతో ఉబ్బియుండెను. చూచుటకు అది పండుగ వలెనే యుండెను. మాతో నిలిచిన ఎగువ గూడెము వారు మాత్రము ఆ పండుగలో పాలుగొనలేదు. తమ గూడెము కడ ఇప్పుడు వాగులో చేపలు పడుట లేదనియు, పిల్లలకు కూర కావలెనన్నచో సంతకు పోయి కొనవలసి వచ్చుచున్నదనియు వారు చెప్పిరి.

ఈ చేప ఎవరి పాలు అను ప్రశ్న అచ్చట మాకు స్పష్టమైనది. వాగు విడిగా నున్నపుడు చేప పారకము పొడవున పంచబడును. దిగువవారికి కొంత, నడుమవారికి కొంత, ఎగువ గూడెమునకు కొంత. తూము వచ్చినపుడు ఆ పంపకము ఒక్క చోట ఆగిపోవును. తూము నోటి కడ నున్నవానికి రెండు మూడు వానకాలములు విరివిగా దొరకును. పైకి పోయి గ్రుడ్లు పెట్టవలసిన చేపలే పోయినందున, అటుపిమ్మట వానికిని దొరకదు. నష్టము ఎగువన మొదలై దిగువకు దిగివచ్చును. మాంసము, పాలు కొనలేని ఇంట వానకాలపు వాగు చేప రుచి కొఱకు తినునది కాదు. పసిబిడ్డకును బాలెంతకును అదియే బలము.

అట్లని రోడ్డు వలదందుమా? అనము. 2000 సంవత్సరము డిసెంబరున ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వలనను, తీవ్రవాద పీడిత జిల్లాలకని 2009లో మంజూరైన రహదారుల పథకము వలనను అడవి ఊళ్లకు దారులు పడినవి. ఒకప్పుడు రోగిని మంచముపై మోసికొని పోయిన చోటికి నేడు వాహనము వచ్చుచున్నది. ఆ దారిని కోరినవారిలో ఎగువ గూడెము వారే మొదటివారు. వారు రోడ్డును కోరిరి. చేపను వదలుకొందుమని ఎవరికిని వ్రాసి ఇయ్యలేదు. రెండింటిలో ఒకటి ఏరుకొనుడని వారిని నిర్బంధించుట న్యాయము కాదు, అవసరమును కాదు.

సముద్రములకు ఆవల నొక దేశమున ఈ ప్రశ్నయే న్యాయస్థానమున నిలిచినది. అమెరికా పశ్చిమోత్తరమున వాషింగ్టను రాష్ట్రపు ఆదివాసులు 1854, 1855లలో తమ భూములను విడుచునపుడు, తాము అలవాటుగా చేపలు పట్టు చోట్ల పట్టుకొను హక్కును ఒడంబడికలలో నిలుపుకొనిరి. తరువాత రాష్ట్రము రోడ్లు వేసినది, వాగులపై తూములు కట్టినది, సాల్మను చేపలు ఎగువకు పోలేకపోయినవి. 2001లో ఇరువదియొక్క తెగలవారు వాదము తెచ్చిరి. చేపలు పట్టు హక్కును ఇచ్చి, చేపలు రాకుండ తూములు కట్టుట ఒడంబడికను మీఱుట కాదా అనునదియే వారి ప్రశ్న. 2007లో వారి పక్షమున తీర్పు వచ్చినది. 2013లో వందలకొలది తూములను చేపలు పోవునట్లు మార్పవలెనని ఆజ్ఞ అయినది. 2018లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు చీలినందున క్రింది తీర్పు స్థిరపడినది. ఒకసారి తప్పుగా కట్టినదానిని త్రవ్వి మరల కట్టుటకు అయిన వ్యయము, మొదటనే సరిగా కట్టుటకు అగు వ్యయమును మించిపోయినది.

మన దేశమున హక్కు మాట లేకపోలేదు. భద్రాచలము ప్రాంతము షెడ్యూల్డు ప్రాంతము. అట్టి ప్రాంతములలో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగింపవలెనని 1996 నాటి చట్టము చెప్పుచున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఇంకను స్పష్టముగా, నీటి వనరులలోని చేపలపై సముదాయమునకు గల హక్కును గుర్తించినది. అదే చట్టము ప్రకారము, గ్రామమునకు కావలసిన రోడ్డు కొఱకు హెక్టారులోపు అటవీభూమిని ఇయ్యవలెనన్నచో గ్రామసభ సిఫారసు అవసరము. అనగా చేప మీద హక్కును, రోడ్డు మీద మాటను ఒకే గ్రామసభ చేతిలో చట్టము పెట్టినది. ఆ సభలో రోడ్డు ఎంత పొడవు అని అడుగుచున్నారు. వాగు కడ తూము ఎంత వెడల్పు అని కూడ అడుగవలెను.

అడిగినవారికి ఇంజనీరు చెప్పగల సమాధానము కష్టమైనది కాదు. వాగు నిండుగా పాఱునపుడు ఎంత వెడల్పు ఉండునో, రెండు గోడల నడుమ కనీసము అంత వెడల్పు విడువవలెను. వీలైన చోట అడుగును ముట్టరాదు; వాగు నేల వాగు నేలగనే ఉండవలెను. పెట్టె వంటి తూము కట్టక తప్పనిచో దాని అడుగు పలకను వాగు మట్టమునకు దిగువన పూడ్చవలెను. అప్పుడు ఇసుక, గులకరాళ్లు దానిపై పఱచుకొని సహజమైన అడుగు ఏర్పడును. వాలు వాగు వాలుతో సమముగా నుండవలెను. అమెరికా అటవీశాఖ 2008లో ప్రకటించిన పద్ధతి సారాంశము ఇదియే: తూము లోపల కూడ వాగు వాగువలెనే పాఱవలెను. 2011లో ఐరీన్ తుపాను వెర్మాంటు రాష్ట్రమును ముంచినపుడు, పాత పద్ధతి తూములు పెక్కు కొట్టుకొనిపోగా, ఆ అడవిలో ఈ పద్ధతిని కట్టినవి నిలిచినవని అచ్చటి పరిశీలకులు చూపిరి. చేపకు చోటిచ్చిన తూము వరదకు కూడ చోటిచ్చును; దానితోపాటు కొట్టుకొనివచ్చిన మానునకును చోటిచ్చును.

ఇదివఱకే కట్టినవానికి కూడ ఉపాయములున్నవి. వ్రేలాడు గొట్టపు నోటి క్రింద పెద్ద రాళ్లను మెట్లుమెట్లుగా పేర్చినచో దిగువ మడుగు మట్టము పెరిగి చేపకు ఎక్కుటకు వీలగును. వానలకు ముందే ఎగువ మొగమున చిక్కిన చెత్తను తీయవలెను. క్రొత్త పనిని మాఘ ఫాల్గునములలో, వాగు సన్నగిల్లినపుడు చేయవలెను. కాని పని కొఱకు వేసవి మడుగులను తోడివేయరాదు, సిమెంటు కడిగిన నీటిని వానిలోనికి విడువరాదు. వాగంతటి చేపల విత్తనము ఆ నాలుగు మడుగులలోనే దాగియుండును. ఇక ప్రజల వంతు కూడ కలదు: తొలకరి ఎదురెక్కు దినములలో తూము నోటికి మావు కట్టమని ఊరు ఊరంతయు మాట అనుకొనవలెను. ఈ ఒక్క కట్టుబాటునకు సర్కారు పైకము అక్కరలేదు.

2024 సెప్టెంబరు మొదటి దినమున మున్నేరు పొంగి ఖమ్మము పట్టణపు వీథులను ముంచినది; అంతకు ముందు జూలైలో అశ్వారావుపేట ప్రాంతమున పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగినది. అట్టి వరదల పిమ్మట కొట్టుకొనిపోయిన తూముల స్థానమున తొందరగా క్రొత్తవి వేయుదురు. తొందరలో పాత కొలతయే మరల వచ్చును. అదే గొట్టము, అదే ఇఱుకు. కాని వరద కొట్టివేసిన చోటు తప్పు దిద్దుకొనుటకు దొరకిన చోటు. వాగు ఎంత వెడల్పు కోరుచున్నదో తానే కట్ట తెంచి చూపినది. ఆ కొలతను టేపుతో కొలిచి అంచనా కాగితములో వ్రాసికొన్న ఇంజనీరు, వాగు గుణమెఱిగిన ఎగువ గూడెపు పెద్దను ఒక్క మాట అడిగి వ్రాసికొన్నచో, ఆ తూము మఱి రెండు తరములు నిలుచును.

మీరు ఈసారి భద్రాచలము పోవునపుడు, గోదావరి వంతెనపై నమస్కరించుటకు ముందు, దారిలో ఒక వాగు కడ బస్సు ఆగినచో పిట్టగోడ మీది నుండి దిగువ వైపు చూడుడు. నీరు తూము నుండి సమముగా వాగులోనికి జాఱుచున్నదా, లేక ఎత్తు నుండి దూకుచున్నదా గమనింపుడు. దూకుచున్నచో, ఆ తూమునకు ఎగువన ఏదో యొక గూడెమున ఈ వానకాలము వాగు చేప లేదని తెలిసికొనుడు. చూచినవారు అడుగుదురు, అడిగినవారుండిన చోట కట్టువారు వెడల్పుగా కట్టుదురు.